ఉగ్గుగిన్నెతో కొలిచిన మందు

మనసులో ఒప్పుకున్న తప్పు దేవుడి ముందు ఒప్పుకున్నట్టేనా, లేక నోరు తెరిచి, ఎవరికి అన్యాయం చేశామో వాళ్ళ ముఖం చూసి చెప్తే తప్ప చెల్లదా అన్న అనుమానం ప్రభావతికి ఏడేళ్ళుగా ఉంది. రోజూ ఉదయం దీపం వెలిగించి, లక్ష్మీదేవి పటం ముందు చేతులు జోడించి, "తల్లీ, ఆ పని చేసింది నేనే" అని పెదవి కదలకుండా చెప్పుకునేది. చెప్పుకున్నాక కాస్త తేలికపడేది. కూర పొయ్యి మీద పెట్టేసరికి ఆ తేలిక పోయేది. అమ్మవారు విన్నదో లేదో తెలియదు గానీ, పటం వెనకాల పసుపుగుడ్డలో చుట్టి దాచిన వెండి ఉగ్గుగిన్నె మాత్రం కదలకుండా అక్కడే ఉండేది.

ఆ గిన్నె ఆమెది కాదు. కొండమ్మది.

ఏడేళ్ళ కిందటి మాట. ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ కొత్త శతాబ్దంలోకి క్షేమంగా అడుగుపెట్టిన ఏడాది అది. ప్రభావతి భర్త ఈశ్వరరావు ఒక బ్యాంకు ప్రోగ్రాముల పని మీద సింగపూరు వచ్చాడు. నాలుగు నెలల తరవాత ప్రభావతి రేపల్లె నుంచి చంటిపిల్లాడు రాహుల్‌ను ఎత్తుకుని వచ్చింది. చోవా చూ కాంగ్ అనే పేటలో పదకొండో అంతస్తులో ఫ్లాటు. ఒక గదిలో వీళ్ళు, ఇంకో గదిలో జగిత్యాల నుంచి వచ్చిన తిరుమలేష్, అరుణ. వంటిల్లు ఒకటే, హాలు ఒకటే, బట్టలు ఆరేసుకునే వెదురు బొంగులు ఒకటే. అరుణ కూడా ఉద్యోగం చేసేది. అందుకని ఆమె కూతురు రుచితను చూసుకోవడానికి అరుణ తల్లి కొండమ్మ విజిట్ పాస్ మీద వచ్చి ఉంది.

కొండమ్మకు చదువు లేదు. జగిత్యాలలో ముప్ఫై ఏళ్ళు బీడీలు చుట్టింది. కొలత రేకు పెట్టి తునికాకు కత్తిరిస్తే ఏ ఆకూ ఇంకో ఆకు కన్నా వెంట్రుకవాసి ఎక్కువ ఉండేది కాదు. కట్టకు ఇరవై ఐదు అంటే ఇరవై ఐదే. "లెక్క తప్పితే కార్ఖానల బీడీలన్ని వాపస్ కొడ్తరు బిడ్డా. కండ్లు మూసుకున్నా నా వేళ్ళకు కొలత తెలుస్తది" అని నవ్వేది. ఆ చేతులతోనే ఇద్దరు పిల్లలకూ నలుగు పెట్టేది, సాంబ్రాణి పొగ వేసేది, ఉగ్గుగిన్నెతో పాలు పట్టేది. గిన్నె ఆమె తల్లి ఇచ్చింది. ముక్కు దగ్గర చిన్న సొట్ట. అరుణ పసితనంలో పన్ను వచ్చిన కొత్తలో కొరికిందట.

"నా గిన్నె, నీ గిన్నె ఏంది ప్రభా? నీ కొడుకు తాగితే అరుగుతదా?" అని ఆ గిన్నెను వంటింటి గట్టు మీదే ఉంచేది.

ఇక ప్రభావతి వెంట రేపల్లె నుంచి వచ్చిన వస్తువు ఒకటుంది. ఎర్రటి సిరప్పు సీసా. మందులషాపు సీతారామారావుగారు విమానం కోసమని ఇచ్చారు. "అలర్జీ మందమ్మా. ముక్కు కారినా, దద్దుర్లొచ్చినా పనిచేస్తుంది. ఎక్కే ముందు కాస్త పోశావనుకో, దిగేదాకా కిక్కురుమనడు" అన్నారు. నిజంగానే రాహుల్ కిక్కురుమనలేదు. పక్క సీటు ఆయన, ఎంత బుద్ధిమంతుడండీ మీ బాబు అని మెచ్చుకున్నాడు కూడా. మందు చేసిన పనికి పిల్లాడికి పేరు వచ్చింది. ప్రభావతికి ధైర్యం వచ్చింది.

ఆ తరవాత ఈశ్వరరావు ఆఫీసు పని ఇంటికి తెచ్చుకున్న రోజుల్లో, పిల్లాడు ఏడుస్తుంటే, "ఆ ఎర్రమందు కాస్త పొయ్యకూడదుటే? నాకు రేపు ప్రోగ్రాం ఎక్కించాలి" అనేవాడు. ఆమె పోసేది. సీసాతో వచ్చిన కొలత మూత ఎప్పుడో పగిలిపోయింది. అందుకని కొండమ్మ ఉగ్గుగిన్నెలో, ముక్కు మొదలయ్యే చోటి దాకా పోసి పట్టేది. అది ఎన్ని చెంచాలో ఆమె ఎన్నడూ చూడలేదు. పాలు పట్టే గిన్నెలో పోసినందుకేనేమో, అది మందు అన్న సంగతే ఆమె మనసుకు తట్టేది కాదు. కొండమ్మ ముందు మాత్రం పోసేది కాదు.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీవ్రతం. పరాయి దేశంలో తన చేతులతో చేసుకుంటున్న మొదటి వ్రతం. చుట్టుపక్కల బ్లాకుల నుంచి తొమ్మండుగురు ముత్తయిదువులను పిలుచుకుంది. సరిగ్గా ముందురోజు రాహుల్ ఒంటి నిండా దద్దుర్లు లేచాయి, ముక్కు కారింది. కింద క్లినిక్కులో డాక్టరు చూసి, పసిపిల్లలకు సరిపడే అలర్జీ మందు ఇచ్చాడు. దానితో పాటు సూది లేని చిన్న ప్లాస్టిక్ పిచికారీ ఒకటి ఇచ్చి, ఇదిగో ఈ గీత దాకానే, పొద్దున పదింటికి ఒకసారి, రాత్రి పదింటికి ఒకసారి అని చెప్పాడు.

"ఇంట్లో ఇంకేమన్నా మందు వాడుతున్నారా?" అని కూడా అడిగాడు.

"లేదండీ" అంది ప్రభావతి. అబద్ధం చెప్పాలని కాదు. ఊరి నుంచి తెచ్చుకున్న సిరప్పు ఆమె లెక్కలో ఆవకాయ జాడీ పక్కన ఉండే వస్తువు.

సాయంత్రం అరుణ ఆ పిచికారీ మీద గీత దగ్గర గోళ్ళరంగుతో ఎర్రచుక్క పెట్టి తల్లికి చూపించింది. "అమ్మా, రేపు అక్క పూజల ఉంటది. పదింటికి నువ్వే పొయ్యాలె. ఈ చుక్క దాటొద్దు."

"దాటితే నా పేరు కొండమ్మే కాదు."

తెల్లారింది. ప్రభావతి తలస్నానం చేసి కలశం సర్దుతోంది. రాహుల్ గీపెట్టి ఏడుస్తున్నాడు. ఆఫీసుకు బయలుదేరుతూ ఈశ్వరరావు చెప్పులేసుకుంటూ అన్నాడు: "వాడిట్టా ఏడుస్తుంటే వచ్చినవాళ్ళ ముందు ఏం వ్రతం చేస్తావ్? కాస్త ఎర్రమందు పోసెయ్, అయ్యేదాకా పడుకుంటాడు."

కొండమ్మ స్నానానికి వెళ్ళింది. తొమ్మిదయింది. ప్రభావతి గట్టు మీది గిన్నె తీసుకుంది. రోజూ పోసే చోటి కన్నా ఒక్క పిసరు పైకే పోసింది. అమ్మవారి కథ మధ్యలో పిల్లాడు లేవకూడదు గదా అని.

పిల్లాడు వెంటనే పడుకోలేదు. కాళ్ళు తన్నుకుంటూ ఇంకా చిరాకు పడ్డాడు. పదింటికి కొండమ్మ గోడ గడియారం చూసి, పిచికారీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఎర్రచుక్క దాకా లాగి, రాహుల్ బుగ్గలోకి మెల్లగా వదిలింది. ప్రభావతి హాలులోంచి చూసింది. చూసి ఊరుకుంది. ఇప్పుడే ఒకటి పోశానని చెప్పాలన్న ఆలోచన వచ్చింది. అంతలో కాలింగ్ బెల్ మోగింది, మొదటి ముత్తయిదువ వచ్చింది.

పదకొండింటికి పిల్లాడు చాపమీద నిద్రపోయాడు. "ఎంత మంచి పిల్లాడమ్మా, పూజ వేళకు పడుకున్నాడు" అన్నారు వచ్చినవాళ్ళు. ప్రభావతి చేతిలో అక్షతలు పట్టుకుని కథ చదువుతోంది. చారుమతి కలలో అమ్మవారు కనిపించిన చోట కొండమ్మ గొంతు వినిపించింది.

"ప్రభా, ఇటు రా. పోరడు మంచిగ లేడు."

కథ మధ్యలో లేవకూడదు. ప్రభావతి లేవలేదు. ఇంకో వాక్యం చదివింది. ఆ ఒక్క వాక్యం ఆమెకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"ప్రభా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నది బిడ్డా. పెదవులు చూడు."

అక్షతలు చాపమీద పడ్డాయి. కొండమ్మ అప్పటికే పిల్లాణ్ణి ఎత్తుకుని అరికాళ్ళు రుద్దుతూ, తల వాలిపోకుండా పట్టుకుని తలుపు దగ్గర ఉంది. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు. బయలుదేరేటప్పుడు ప్రభావతి ఎర్ర సీసాను చేతిసంచిలో వేసుకుంది. గిన్నెను ఎత్తి అమ్మవారి పటం వెనక్కి తోసింది. అంటే ఆమె చేతులకు సంగతి అప్పుడే తెలుసు.

ఆసుపత్రిలో పిల్లాడి ముఖానికి ఆక్సిజన్ పెట్టారు. వేలికి తీగ కట్టారు. ఒక చైనీస్ డాక్టరమ్మ ప్రభావతిని పక్కకు తీసుకెళ్ళి ఇంగ్లీషులో నిదానంగా అడిగింది. "పొద్దున్నుంచీ ఏమేం పోశారు? అన్నీ చెప్పండి. ఎవర్నీ తిట్టడానికి కాదు, మాకు తెలియాలి."

ప్రభావతి సీసా తీసి ఇచ్చింది. డాక్టరమ్మ దాని వెనక ఉన్న అక్షరాలు చదివి తల పైకెత్తింది. "ఇది పాతరకం మత్తు మందు. రెండేళ్ళు నిండని పిల్లలకు డాక్టరు చెప్పకుండా తాకించకూడదు. దీని మీద మళ్ళీ ఇంకో అలర్జీ మందు. ఎంత పోశారు?"

ఎంతో ప్రభావతికి తెలియదు. బొటనవేలూ చూపుడువేలూ చాపి కొలత చూపించింది. ఆ వేళ్ళ మధ్య ఉన్న ఖాళీని డాక్టరమ్మ కాసేపు చూసింది.

"ఎవరు పోశారు?"

అప్పుడే ఈశ్వరరావు ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చి పక్కన నిలబడ్డాడు. తిరుమలేష్ కూడా వెనకే వచ్చాడు. కారిడార్‌లో బల్లమీద కొండమ్మ కూర్చుని ఉంది. చేతిలో రాహుల్ ఒంటికాలి మేజోడు. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"ఆంటీ" అంది ప్రభావతి, కొండమ్మ వైపు చూపించి.

"రెండూనా?"

"రెండూ. ఆవిడకి చదువు రాదు."

డాక్టరమ్మ రాసుకుంది. మర్నాటికి రాహుల్ కళ్ళు తెరిచి పాలకు ఏడ్చాడు. ఆ ఏడుపు విని ఈశ్వరరావు గోడకు ఆనుకుని ఏడ్చాడు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మళ్ళీ చెప్పింది. అలర్జీ మందు నిద్రమందు కాదు. నిద్ర కోసం, ప్రయాణం కోసం పోయకూడదు. పేర్లు వేరైనా రెండు సీసాల్లో ఒకే రకం మందు ఉండొచ్చు, రెండూ కలిపి పోయకూడదు. చెంచాలూ గిన్నెలూ కొలతలు కావు. ఊరి నుంచి తెచ్చుకున్నదైనా సరే డాక్టరుకు చెప్పాలి. "ఆ పెద్దావిడకు మీ భాషలో వివరంగా చెప్పండి" అంది చివర్న. ప్రభావతి తలూపింది.

ఇంట్లో తిరుమలేష్ అత్తగారిని నిలబెట్టి అడిగాడు. "ఎర్రసీసా ఎందుకు ముట్టినవ్? నీకెవరు చెప్పిండ్రు?"

కొండమ్మ గోడ గడియారం వైపు చూసింది. "చుక్క పెట్టిన మందు ఒక్కపారి పోసిన గద..." అంది. మళ్ళీ, "ఒక్కపారే అనుకుంటున్న" అంది. ఇంకాసేపు తన వేళ్ళ వంక చూసుకుని, "ఏమో బిడ్డా. నాకే తెలుస్తలేదు" అంది.

ప్రభావతి స్టవ్ దగ్గర నిలబడి పాలు పొంగకుండా చూస్తోంది. పాలు ఇంకా కాగనే లేదు.

ఆ వారమంతా కొండమ్మ ఉగ్గుగిన్నె కోసం వెతికింది. బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసింది, చెత్తబుట్ట బోర్లించి చూసింది. "గిన్నె యాడ పెట్టిన్నో అది సుత యాదికి లేదు. నా మతి పోయింది తల్లీ, ముసల్దాన్నయిన" అని ప్రభావతితోనే చెప్పుకుంది. ప్రభావతి ఆమెతో పాటు మంచం కింద వంగి వెతికింది. గడువు ఇంకా ఉండగానే కొండమ్మను ఊరికి పంపేశారు. రుచితను క్రెష్‌లో వేశారు. కొన్నాళ్ళకు రెండు కుటుంబాలూ చెరో చోటికి మారాయి.

ఏడేళ్ళు గడిచాయి. ప్రభావతి వాళ్ళు సింగపూరులోనే, సెంగ్‌కాంగ్‌లో సొంత ఫ్లాటు కొనుక్కున్నారు. ఈశ్వరరావు కింద ఇప్పుడు పన్నెండు మంది పనిచేస్తున్నారు. నలుగురు స్నేహితులు ఇంటికి భోజనానికి వస్తే, పిల్లల జబ్బుల మాట వచ్చినప్పుడల్లా ఆయన ఒక కథ చెప్పేవాడు. "మా వాణ్ణి ఒక ముసలావిడ చంపినంత పని చేసిందండీ. చదువుసంధ్యలు లేనివాళ్ళ చేతికి మందుసీసా ఇవ్వకూడదు." వడ్డిస్తున్న ప్రభావతి గరిటె ఆ మాట దగ్గర ఒక్క క్షణం ఆగేది. మళ్ళీ కదిలేది.

ఆ శ్రావణంలో రాహుల్ స్నేహితుడి పుట్టినరోజుకు వెళ్ళి రొయ్యలు తిని ఒళ్ళంతా దద్దుర్లతో వచ్చాడు. క్లినిక్కులో డాక్టరు, ఇంతకు ముందు ఇలాంటి మందులతో ఏమన్నా ఇబ్బంది వచ్చిందా అని అడిగాడు. ఈశ్వరరావు మామూలుగా ముసలావిడ కథ చెప్పాడు. మందు తీసుకుని ఇంటికి వచ్చాక రాహుల్ పిచికారీని దీపం వెలుతురుకు ఎత్తి గీత చూసుకుంటూ అడిగాడు.

"అమ్మా, దట్ ఆంటీ, శత్రువా మనకి?"

"కాదురా."

"దెన్ వై లాహ్? లేబుల్ చదవలేదా? సో డేంజరస్ వన్." వాడిది సింగపూరు బడిపిల్లల భాష.

ప్రభావతి వాడి చేతిలోంచి పిచికారీ తీసుకుంది. ఏడేళ్ళుగా పటం ముందు పెదవి కదపకుండా చెప్పుకున్నదంతా ఆ పిల్లాడి ప్రశ్న ముందు ఒక్క మాటకు కూడా పనికిరాలేదు.

ఆ మర్నాడే గుళ్ళో ఒకావిడ అంది, అరుణకు రెండో కాన్పులో మగపిల్లాడని, తల్లి కొండమ్మ వచ్చి బెడోక్‌లో కూతురి ఇంట్లోనే ఉందని. "ఏం రావడమో ఏమో. పిల్లాణ్ణి ఎత్తుకుంటుంది గానీ మందు మాత్రం చస్తే పట్టదుట. బిడ్డకు చర్మం మీద అలర్జీ, మధ్యాహ్నం మందు ఉంది. అది పోయడానికి పాపం అరుణ ఆఫీసు నుంచి టాక్సీలో ఇంటికి వచ్చి వెళ్తోంది, రోజూ."

ఆ సాయంత్రం ప్రభావతి మొగుడికి చెప్పింది. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా, "ఆ రోజు ఎర్రమందు పోసింది నేను" అంది.

ఈశ్వరరావు టీవీ మీంచి చూపు తిప్పలేదు. "తెలుసుగా."

"తెలుసా?"

"పొయ్యమన్నది నేనే గదుటే. చెప్పులేసుకుంటూ చెప్పాను." టీవీ శబ్దం తగ్గించి అన్నాడు: "ఆసుపత్రిలో నువ్వు ఆవిడ పేరు చెప్పావ్. సరే, నీ ఇష్టం అనుకున్నాను."

"మరి అందరికీ ఆ కథ ఎందుకు చెప్తారు?"

"ఒకసారి అట్టా చెప్పాక ఇంకోలా ఎట్టా చెప్తాం? వాడు బానే ఉన్నాడుగా. ఇప్పుడు తవ్వి నలుగుర్లో నన్ను అబద్ధాలకోరుని చెయ్యమాక."

ప్రభావతికి ఆ మాటతో ఒకటి అర్థమయింది. ఇన్నాళ్ళూ తానొక్కతే మోస్తున్నాననుకుంది. ఈయన మోయనే లేదు, కింద పెట్టి దాని మీదే కూర్చున్నాడు.

శుక్రవారం. వ్రతం రోజు. తెల్లవారుజామునే పూజ ముగించుకుంది. పసుపుగుడ్డ విప్పి గిన్నెను చింతపండు పెట్టి తోమింది. ఏడేళ్ళ నలుపు వదలడానికి చాలాసేపు పట్టింది. రెండు బస్సులు మారి పదకొండున్నరకు బెడోక్‌లో అరుణ ఇంటి తలుపు కొట్టింది.

కొండమ్మ గ్రిల్లు తలుపు తీసింది. బాగా సన్నబడింది. ఎవరో గుర్తుపట్టడానికి ఒక్క క్షణం పట్టింది.

"ప్రభవా? రా బిడ్డా, రా. పోరడు మంచిగున్నడా? అన్నం తింటున్నడా? పొడుగు పెరిగిండా?" రాహుల్ గురించి అడుగుతూనే ఉంది. చంటిపిల్లాడు చాపమీద బొమ్మలతో ఆడుతున్నాడు. ఆమె వాడికి మూర దూరంలో కూర్చుని, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. తేదీలు, వేళలు, పోసిన ప్రతిసారీ ఒక టిక్కు. అన్నీ అరుణ చేతివే.

"నువ్వు పొయ్యొచ్చుగా పెద్దమ్మా?" అంది ప్రభావతి.

"వద్దు తల్లీ. నా చేతులను నేనే నమ్మ. బీడీలు సుత బంద్ చేసిన. లెక్క పెడ్తుంటే నడుమ ఆగిపోత, పెట్టిన్నా పెట్టలేదా అని. మళ్ళ మొదటి నుంచి లెక్క పెడ్త." ఆమె కొద్దిగా నవ్వింది. "నీ కొడుకు బతికిండు. గంతే చాలు. రోజు ఎములాడ రాజన్నకు మొక్కుకున్న."

ప్రభావతి సంచీలో చెయ్యి పెట్టింది. అంతలో గ్రిల్లు చప్పుడయింది. మెడలో ఆఫీసు కార్డుతో అరుణ వచ్చింది. "అరె, అక్కా! ఎన్ని రోజులకు! ఉండు, వీనికి మందు పోసి వస్త, కింద టాక్సీ వెయిటింగ్."

"అరుణా, నువ్వూ ఉన్నప్పుడే చెప్పాలి" అంది ప్రభావతి. గిన్నె తీసి చాపమీద పెట్టింది.

కొండమ్మ గిన్నె వంక చూసింది. తాకలేదు.

"ఆ రోజు ఎర్రమందు పోసింది నేను. ఈ గిన్నెలో పోశాను. పెద్దమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు, తొమ్మిదింటికి. వ్రతం అయ్యేదాకా వాడు పడుకోవాలని. పెద్దమ్మ పోసింది క్లినిక్కు మందు ఒక్కటే. ఆసుపత్రిలో రెండూ ఆవిడే పోసిందని చెప్పాను. గిన్నె పటం వెనక దాచాను. దాచి, ఆవిడతో కలిసి వెతికాను."

కింద నుంచి టాక్సీ హారన్ వినిపించింది. అరుణ కదల్లేదు. అరవలేదు కూడా.

"ఏడేండ్లు అక్కా" అంది చివరికి. "రుచితకు జ్వరమొస్తే మా అమ్మను రూం బయట కూసోబెట్టిన. పెండ్లిండ్లల్ల చుట్టాల ముందు చెప్పినం, అమ్మకు మతిమరుపొచ్చిందని. డాక్టర్ దగ్గరికి సుత తోలుకపోయినం. తల స్కాన్ చేపిచ్చినం. ఏం లేదన్నడు. ఏం లేకుంటే గట్ల ఎట్ల చేసిందని ఆ డాక్టర్‌తోనే లొల్లి పెట్టుకున్నం."

"నన్ను క్షమించమని అడగడానికి..."

"అడగకు అక్కా. నేనేం చెప్తనో నాకే తెల్వదు."

కొండమ్మ వీళ్ళ మాటలు వింటున్నట్టు లేదు. చూపు ఎక్కడో ఉంది. వేళ్ళు ఒళ్ళో ఒకదాన్నొకటి తడుముకుంటున్నాయి.

"ప్రభా, నిజం చెప్పు. నేను ఒక్కపారే పోసిన్నా?"

"ఒక్కసారే."

"చుక్క దాక్కనే?"

"చుక్క దాకానే. నేను హాలులోంచి చూశాను. వెలుతురుకు ఎత్తి పట్టుకుని మరీ పోశావు."

"ఎత్తి పట్టుకున్న" అంది కొండమ్మ. "గదే నాకు యాదికుండె. ఎత్తి పట్టుకున్నట్టు యాదికుండె. కలల అనుకున్న."

అరుణ వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుంది. మందుసీసా, పిచికారీ తెచ్చింది. గీత దాకా మందు లాగింది. పిల్లాడి దగ్గరికి వెళ్ళబోయి ఆగింది. తిరిగి వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"అమ్మా, సరిగ్గున్నదా చూడు."

కొండమ్మ అద్దాలు పెట్టుకుంది. పిచికారీ అందుకోవడానికి చెయ్యి చాపి, వెనక్కి తీసుకుని, మళ్ళీ చాపింది. కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంది.

"గాలి బుగ్గ ఉన్నది. గంత మందు తక్కువ పడ్తది" అంది. గోటితో మెల్లగా తట్టి, బుడగ పైకి పోగొట్టి, మళ్ళీ గీతకు సరిచేసింది. పిల్లాణ్ణి ఒళ్ళోకి తీసుకుని తల కొంచెం ఎత్తిపెట్టి, బుగ్గ లోపలికి కొద్దికొద్దిగా వదిలింది. వాడు చప్పరించి మింగాడు. అరుణ ఫ్రిజ్ మీది కాగితంలో టిక్కు పెట్టబోయి, పెన్ను తల్లికి ఇచ్చింది. కొండమ్మ గీసిన గీత వంకరగా వచ్చింది.

ప్రభావతి లేచింది. శ్రావణ శుక్రవారం పూట గడప దాకా వచ్చిన ముత్తయిదువను ఎవరూ బొట్టు పెట్టకుండా పంపరు. కుంకుమభరిణె షెల్ఫు మీద కనిపిస్తూనే ఉంది. అరుణ దాని వంక చూసింది, ప్రభావతి వంక చూసింది. భరిణె అందుకోలేదు.

"మీ ఆయన అందరికి చెప్పిండట గద అక్కా, ముసల్ది చంపబోయిందని. మాకు సుత చేరింది. ఎవరెవరికి చెప్పిండో వాళ్ళకందరికి చెప్పు. రాహుల్‌కు ముందు చెప్పు."

"చెప్తాను."

అరుణ గ్రిల్లు తీసి పట్టుకుంది. మళ్ళీ రా అనలేదు. ప్రభావతి చెప్పులు వేసుకుంటూ ఒక్కసారి వెనక్కి చూసింది. కొండమ్మ గిన్నెను చీరకొంగుతో తుడుస్తోంది. బొటనవేలు ముక్కు దగ్గరి సొట్ట మీద ఆగింది. వాసన చూసింది.

"ఈ గిన్నెల ఇంక మందు పొయ్యరు" అంది పిల్లాడితో. తరవాత తల ఎత్తకుండానే, గడప అవతల నిలబడ్డ ప్రభావతికి వినపడేటట్టు చెప్పింది.

"గిన్నె ముట్టింది బిడ్డా."